ఒక్క కుండ గటక, ఇద్దరు బిడ్డలు

నందికొండ దగ్గర ఆనకట్ట కడుతున్న రోజుల్లో దేవరకొండ దిక్కు నుంచి వచ్చిన ఒక కూలీల ముఠాకు సుక్కమ్మ వంట చేసేది. అందరి జొన్నలూ ఒక్క సంచిలో పోసి, ఒక్క పొయ్యి మీద వండుకోవడం ఆ ముఠా పద్ధతి. గటక చేయడం చూసేవాళ్లకు తేలిక. జొన్న నూక ఎసట్లో పడ్డాక తెడ్డు ఆగకూడదు, మంట పెరగకూడదు. సుక్కమ్మ వండితే ఉండ కట్టేది కాదు, అడుగంటేది కాదు. ఆమె పనికి ఎవరూ వంక పెట్టలేదు.

వంక పెట్టింది ఆమె ఒంటికి. సుక్కమ్మ లావు మనిషి. వాళ్లమ్మ అంతే, అమ్మమ్మ అంతే. భర్త బీరప్ప ఎండిన కందికట్టె. పెద్ద బిడ్డ అండాలుది తండ్రి పోలిక. ఏడేండ్ల సైదమ్మది బుగ్గలతో సహా తల్లి పోలిక.

ఆ ఏడు వానలు లేవు. జొన్నల సంచి తొందరగా ఖాళీ అయ్యేది. ముఠా మేస్త్రి పెండ్లాం బిక్షమ్మ పొయ్యి దగ్గరికొచ్చి నిలబడింది.

“మా బొక్కలు తేలుతున్నయ్ సుక్కా. నువ్వూ నీ చిన్నదీ మాత్రం నిగనిగలాడుతున్నరు.”

“మీ ముందటనే గద అక్కా మేం తినేది.”

“ముందట తినేది మాకు కనబడ్తది. చాటుకు తినేది మీ ఒంటి మీద కనబడ్తది.”

చుట్టూ ఉన్న ఆడవాళ్లు నవ్వారు.

అప్పటి నుంచి సుక్కమ్మ అందరి నడుమ కూర్చుని, అందరికన్నా తక్కువ తిన్నది. ఒళ్లు తగ్గలేదు. తన మీద పడ్డ మాటను ఓర్చుకుంది కానీ, బిడ్డను దొంగ అంటే ఓర్చుకోలేకపోయింది. పిల్ల బక్కపడితే ఆ నింద పోతుందనుకుంది. సైదమ్మ పళ్లెంలో సగం తీసి అండాలు పళ్లెంలో వేయడం మొదలుపెట్టింది.

“అమ్మా, ఇంకింత పెట్టవే.”

“చాలు బిడ్డా. అక్క బక్కగున్నది.”

“నేను బక్కగైనంక పెడ్తవా?”

“పెడ్తా.”

బీరప్ప వద్దన్నాడు. “నిన్నెవరన్న దొంగన్నరా?” అని సుక్కమ్మ అడిగితే తట్ట అందుకుని పనికి పోయాడు.

చలికాలంలో గుడిసెల్లో పిల్లలకు తట్టు పోసింది. అండాలు లేచి తిరిగింది. సైదమ్మ లేవలేదు. దవాఖానకు ఎత్తుకుపోతే డాక్టరు, పిల్ల సరిగ్గా తినడం లేదా అని అడిగాడు.

“బొద్దుగనే ఉన్నది గద సారూ,” అన్నాడు బీరప్ప.

“ముక్కూ మొహం వచ్చినట్టే ఒంటి తీరు కూడా తల్లి నుంచి వస్తుంది. పెద్దదానికి నీ తీరు వచ్చింది. ఒకే కూడు ఒకరి ఒంట్లో నిలుస్తుంది, ఒకరి ఒంట్లో నిలవదు. బొద్దుగా ఉంటే కడుపు నిండినట్టు కాదు. ఈ పిల్లలో జ్వరాన్ని ఆపే సత్తువ లేదు.”

మర్నాడు సైదమ్మ పోయింది.

మూడో రోజు పోయినవాళ్ల పేరు మీద పిట్టకు కూడు పెట్టాలి. సుక్కమ్మే గటక వండింది. కుండ మోసుకుపోయి, బిడ్డను పాతిన బొంద మీద విస్తరి పరిచి వడ్డించింది. విస్తరి నిండింది. మళ్లీ వేసింది.

“చాలు సుక్కా, పిట్ట గంత తినదు,” అన్నది బిక్షమ్మ మెల్లగా.

సుక్కమ్మ వినలేదు. ముఠా మొత్తానికి వండిన గటకంతా ఆ మట్టి మీదికి వంచి, కుండ అడుగు చేత్తో ఊడ్చింది. ఎవరూ ఆపలేదు. ఆ పూట అందరూ ఉత్త కడుపుతో పనికి పోయారు.