అనిత వదిలేసిన సున్నా

మా మునినారాయణప్ప మాస్టారికి కోపం రాదు. లెక్కల మాస్టారికి కోపం రాకపోవడం ఏమిటండీ, చూస్తుంటే నాకే ఒళ్ళు మండేది! కన్నడ పట్నంలో, బళేపేట వెనక సందులో మా బడి. పక్క గదిలో నేను సైన్సు చెప్పేదాన్ని. బడి వదిలాక ఆయన పదో తరగతి తప్పిన తెలుగు పిల్లలను కూర్చోబెట్టుకుని వర్గ సమీకరణాలు చెప్పేవారు. "గుణిస్తే పన్నెండు, కూడితే ఏడు. ఎవరప్పా ఆ ఇద్దరూ?" అని ఆయన అడిగితే, "మూడూ నాలుగూ!" అని పిల్లలు అరిచేవారు. పెళ్ళిచూపుల సందడే అనుకోండి.

1997లో ఆ గుంపులోకి అనిత వచ్చింది. అనంతపురం నుంచి వలస వచ్చిన తాపీమేస్త్రీ తిరుపాలు కూతురు. లెక్కల్లో తప్పింది. ఈసారీ పోతే గార్మెంట్స్ ఫ్యాక్టరీకే అని తండ్రి తేల్చేశాడు. ఆ పిల్లకేమో చదువంటే ప్రాణం.

కారణాంకాలు చకచకా విడగొట్టేది. కానీ x² = 5x లాంటిది వస్తే చాలు, రెండు వైపులా x కొట్టేసి, జవాబు అయిదు అని రాసి పెన్ను మూసేది. రెండో జవాబు సున్నా గాలికి పోయేది. ఎన్నిసార్లు చెప్పినా అదే తంతు. వినలేక నేనే కిటికీలోంచి, "ఏమే, బుర్ర తాకట్టు పెట్టినావా?" అని అరిచాను.

మాస్టారు మాత్రం, "సున్నా అంటే ఎందుకమ్మా భయం?" అని మెల్లగా అడిగారు.

"మాయమ్మ బియ్యం డబ్బా ఎప్పుడూ ఖాళీ చెయ్యదు సార్. అడుగున గుప్పెడన్నా ఉంచుతాది. ఖాళీ అయితే ఇంటికి మంచిది కాదంట. పరీక్షలో సున్నా రాస్తే మళ్ళీ పోతానేమో అని..."

నవ్వొచ్చింది నాకు. వెంటనే మనసు చివుక్కుమంది.

"మీయమ్మ చేసేది మంచి పనే," అన్నారాయన. "ఇది వంటిల్లు కాదు గదా తల్లీ. అయిదు x ని ఇవతలికి తే. x బయటికి తియ్యి. x(x − 5) = 0. రెండింటిని గుణిస్తే సున్నా వచ్చిందంటే, వాటిలో ఏదో ఒకటి సున్నా కావాల్సిందే. x కొట్టేస్తే ఒక జవాబుని ఇంట్లోంచి గెంటేసినట్టే. ఇద్దరినీ కూర్చోబెట్టి అన్నం పెట్టు."

పరీక్షలో అలాంటి లెక్కే వచ్చింది. అనిత దేవుడికి దణ్ణం పెట్టుకుని మరీ సున్నా రాసిందట.

ఫలితాల రోజు తిరుపాలు సిమెంటు చేతులతోనే కూతుర్ని వెంటబెట్టుకుని బడికి వచ్చాడు. ముప్పై అయిదు మార్కులు. పాసుకి సరిగ్గా అంతే కావాలి.

"ఆ సున్నా రాయకుంటే ఫెయిలయ్యుంటి సార్," అని అనిత ఏడ్చేసింది.

తిరుపాలు తల గోక్కున్నాడు. "రేపట్నుంచి వస్తాదని గార్మెంట్స్‌లో చెప్పి పెట్టుండాను సార్. ఇప్పుడే పోయి, పిల్ల రాదని చెప్పొస్తా. కాలేజీ యాడుండాదో చూపించప్పా."

కోపం రాని మాస్టారు ఆ రోజు బల్ల మీద గుద్దారు. "ఫలితం రాకముందే ఫ్యాక్టరీలో ఎందుకు చెప్పినావయ్యా?" అని గట్టిగా అరిచి, కళ్ళు తుడుచుకుని, చెప్పులేసుకుని వాళ్ళతోపాటే కాలేజీకి బయలుదేరారు.