దుబాయి ఉంగరం, ఖాజా మీద నింద

మా పెళ్ళికి ఎన్నేళ్ళో, నేను మోస్తున్న ఈ బరువుకు అంతకంటే కాస్త ఎక్కువ వయసు. బరువు అంటే నా మీద నేనే జాలి పడుతున్నట్టుంది. బరువు కాదు, ఒక మనిషి పేరు. ఆ పేరును నేను చెడగొట్టాను. చెడగొట్టి కడుపు నిండా తిన్నాను, కంటి నిండా నిద్రపోయాను. నిద్ర పట్టలేదని రాస్తే మీరు నన్ను కాస్త మంచివాడు అనుకుంటారు. పట్టింది. నాకు అన్నిటికంటే మండేది అదే.

నా పేరు చెప్పను. హిందూపురం బజారులో కిరాణా కొట్టు పెట్టుకున్న శెట్టి కొడుకుల్లో ఒకణ్ణి అనుకోండి, చాలు. ఖాజా పేరు మాత్రం మార్చలేదు. ఒకసారి ఆ పేరుతో ఆడుకున్నది చాలు.

ఖాజాది పెనుకొండ. ఇంటర్ ఇద్దరం హిందూపురంలో ఒకే బెంచీ మీద చదివాం. మధ్యాహ్నం మా ఇంట్లోనే తినేవాడు. మా నాయనను వరస కలుపుకుని "మామా" అని పిలిచేవాడు. తర్వాత ఏసీ మెకానిక్కుగా దుబాయి వెళ్ళాడు. సెలవుకు వచ్చేటప్పుడల్లా రొద్దం ఊరివాళ్ళ గొలుసు, పరిగి ఊరివాళ్ళ మందులు, ఇంకెవరిదో డబ్బు మోసుకొచ్చి ఇంటింటికీ ఇచ్చేవాడు. కాగితం లేదు, సంతకం లేదు. ఖాజా చేతికిచ్చాం అంటే ఇంట్లో పెట్టుకున్నట్టే అనేవాళ్ళు.

నాకు ధర్మవరంలో సంబంధం కుదిరింది. పట్టుచీరల వ్యాపారం చేసే ఇల్లు. నిశ్చితార్థానికి పిల్ల వేలికి ఉంగరం మా వైపు నుంచి పెట్టాలి. దుబాయిలో బంగారం చవక, కూలి కూడా తక్కువ, ఖాజా ఎట్లాగూ వస్తున్నాడు, వాడినే తెమ్మందాం అన్నాడు మా నాయన. కొలత కోసం పిల్ల వాళ్ళన్న ఆమె వేలికి మగ్గం మీది పట్టు దారం చుట్టి, ముడేసి పంపాడు. రొద్దం నుంచి దుబాయి పోయే ఒకాయన ఆ దారాన్ని ఖాజాకు చేర్చాడు. డబ్బు మా నాయన నా చేతికిచ్చాడు, నేను ఖాజాకు పంపాను.

ఖాజా అంగట్లో నిలబడి ఫోన్ చేశాడు. "ఒరే, ఈడ పద్దెనిమిది కారెట్లదీ ఉండాది, ఇరవై రెండుదీ ఉండాది. చూసేకి రెండూ ఒకటే. నేను ఇరవై రెండే తీస్కుంటాండా."

"పద్దెనిమిదే తీస్కో," అన్నాను. "మిగిలిన దుడ్లకు నాకొక మంచి ఫోన్ తీస్కో. నువ్వే ఇచ్చినావని మా నాయనకు చెప్తాలే."

"మనోళ్ళు ఒప్పుకోరు రా. అరబ్బోళ్ళకైతే నడుస్తాది."

"ఉంగరం లోపల ఎవరు చూస్తారు రా?"

నాకు తెలియక అన్న మాట కాదు. మా వైపు బంగారమంటే ఇరవై రెండే. వాన రాకపోయినా, ఆస్పత్రి పాలైనా, బ్యాంకుకు తీసుకుపోయి కుదువ పెడితే తల ఎత్తుకుని బయటికి రాగలగాలి, అప్పుడే అది బంగారం. పద్దెనిమిదిని గిల్టు నగకు అక్కగా చూస్తారు. పాత చింతపండును వాసనతో పట్టేసే శెట్టి కొడుకుని, నాకా ఇది తెలియనిది? తెలిసే చేశాను. ఒక ఫోన్ కోసం. ఈ మాట రాస్తుంటే నా చెంప నేనే వాయించుకోవాలని ఉంది.

ధర్మవరంలో నిశ్చితార్థం బాగానే జరిగింది. ఉంగరం మాత్రం వదులైంది. పట్టు దారం ముడి ఎక్కడో జారినట్టుంది. పిల్ల చిక్కిపోయిందిలే అని ఆడవాళ్ళు నవ్వారు. ఆ పూటకు దారం చుట్టి సర్దుకున్నారు. తర్వాత పిల్ల నాయన బిగించడానికి ఉంగరాన్ని తనకు తెలిసిన కంసాలి ఆచారి దగ్గరికి తీసుకుపోయాడు. ఆచారి అద్దం పెట్టుకుని లోపల పద్దెనిమిది కారెట్ల ముద్ర చూశాడు. అంతే.

పిల్ల నాయన తిన్నగా మా కొట్టుకు వచ్చాడు. అరవలేదు. తక్కెడ పక్కన ఉంగరం పెట్టి, "ఏమప్పా, ఇది యాడ కొన్యారు? మా పిల్లకు మీరిచ్చే మర్యాద ఇంతేనా?" అన్నాడు. మా నాయన ముఖం నల్లబడిపోయింది. నా వైపు తిరిగాడు. కొత్త ఫోన్ నా చొక్కా జేబులోనే ఉంది.

నిజం చెప్పి ఉంటే ఏమయ్యేది? చెంప మీద ఒకటి పడేది. నాలుగు రోజులు ఇంట్లో ఎవరూ మాట్లాడేవారు కాదు. సంబంధం తప్పిపోయేదా? పోయేదేమో. ఆ రోజు అదే భయం అనుకున్నాను. ఇప్పుడు నన్ను నేను నిలదీస్తే అది కూడా సాకులాగే కనిపిస్తోంది. మా నాయన ముందు దొంగగా నిలబడటం నాకు ఇష్టం లేదు. నా బదులు నిలబడటానికి ఒకడున్నాడు.

"ఖాజా తెచ్చినాడు. నేను ఇరవై రెండే చెప్పినా," అన్నాను.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఇది అందరికీ కోపం తెప్పించే మాట, తెప్పించనీ. తెచ్చినవాడు మా కులంవాడైతే మా నాయనే అడిగేవాడు, అతన్ని పిలిపించి కనుక్కుందాం ఆగండి అని. తెచ్చినవాడి పేరు ఖాజా. అందుకని ఎవరూ రెండో ప్రశ్న వేయలేదు. అన్నేళ్ళు మా ఇంట్లో తిన్నవాడు ఒక్క క్షణంలో పరాయివాడైపోయాడు. వాళ్ళు నమ్మేస్తారని నోరు తెరవకముందే నాకు తెలుసు. వాళ్ళ బుద్ధి మీద నాకు కోపం. ఆ బుద్ధిని నిచ్చెన చేసుకుని ఎక్కిన నా మీద అంతకంటే కోపం.

మరుసటి రోజు నాయనా నేనూ బండి మీద పెనుకొండ పోయాం. ఖాజా వాళ్ళమ్మ పెళ్ళికొడుకు వచ్చాడని సంబరపడి టీ పెట్టింది. నేను తాగాను. గ్లాసు కింద పెట్టి మా నాయన ఉంగరం సంగతి ఎత్తాడు. ఖాజా నా ముఖంలోకి చూశాడు. నేను చెబుతానని ఆగాడు. నేను నేల చూస్తున్నాను.

"చెప్పు ఖాజా," అన్నాను చివరికి, "నేను ఇరవై రెండే కదా చెప్పింది?"

వాళ్ళమ్మ తలుపు దగ్గరే ఉంది.

"అవును మామా," అన్నాడు మా నాయనతో. "వాడు చెప్పింది ఇరవై రెండే. తప్పు నాది."

"తేడా దుడ్లు ఈడ పెట్టు," అన్నాడు మా నాయన. ఖాజా లోపలికి పోయి తెచ్చి పెట్టాడు. సెలవు ఖర్చులకని తెచ్చుకున్న డబ్బు అది. నా ఫోన్ ఖరీదు వాడు కట్టాడు. నేను చూస్తూ నిలబడ్డాను.

నాయన బండి స్టార్ట్ చేస్తుంటే ఖాజా నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "పెండ్లి అయినాంక చెప్తావు కదరా?" అన్నాడు. "చెప్తా," అన్నాను.

పెళ్ళయింది. కొత్త కోడలు ఇంట్లోకి వస్తూనే ఎందుకు అనుకున్నాను. బిడ్డ పుట్టాక చెబుదాం అనుకున్నాను. బిడ్డ పుట్టాక మా నాయనకు గుండె బాగాలేదు, ఇప్పుడు వద్దు అనుకున్నాను. నాయన పోయాడు. ఇక ఎవరికి చెప్పాలి అనుకున్నాను. ఎంత బాగా కుదిరాయో చూడండి నా కారణాలు!

ఈలోపు కథ ఊళ్ళు తిరిగింది. ఖాజా చేతికి ఎవరూ ఏమీ ఇవ్వడం మానేశారు. వాడి తమ్ముడి పెళ్ళి మాటల్లో కూడా ఇది ఎవరో ఎత్తారట. మా అత్తగారి వైపు ఏ నిశ్చితార్థం జరిగినా ఈ ఉంగరం కథ ఒక వంటకంలాగా వడ్డించేవాళ్ళు. అందరికంటే బాగా చెప్పేది నా భార్య. ఆచారి అద్దం పెట్టుకోవడం అభినయించి మరీ చెప్పేది. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. తేలు కుట్టిన దొంగకు నవ్వడం కూడా వస్తుందని అప్పుడే తెలిసింది.

ఒక్కోసారి ఖాజా మీదే కోపం వచ్చేది. ఎందుకు ఒప్పుకున్నాడు? ఎవరు ఒప్పుకోమన్నారు? వీడు తప్పు చేశాడు మామా అని ఒక్క మాట అంటే పోయేది కదా? చూశారా, తప్పు మళ్ళీ వాడి నెత్తిన ఎట్లా పెడుతున్నానో. అలవాటైన చెయ్యి.

ఈమధ్య ఖాజా దుబాయి వదిలేసి వచ్చేశాడు. మా వీధిలో ఖాళీగా ఉన్న ఒక అంగడిలో ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేసే షాపు పెడదామని బాడుగకు అడిగాడు. అంగడి ఆయన మా నాయన స్నేహితుడు. నన్ను పిలిచి, "ఆ ఉంగరం మనిషే కదప్పా వీడు? ఇయ్యచ్చునా?" అన్నాడు. దేవుడు తలుపు తెరిచి లోపలికి రమ్మన్నట్టే. నేనేమన్నానో తెలుసా? "మీ ఇష్టం," అన్నాను. ఆ రెండు మాటలు మొదటి అబద్ధం కంటే నీచమైనవి. అప్పుడు కుర్రవాణ్ణి, భయపడ్డాను అనుకోవచ్చు. ఇప్పుడు తల నెరిసింది, నన్ను కొట్టే నాయన లేడు. అయినా అన్నాను. ఆ అంగట్లో ఇప్పుడు బేకరీ ఉంది. ఖాజా రిపేరు సామాన్లు బండికి కట్టుకుని ఇంటింటికీ తిరుగుతున్నాడు.

మొన్న నా భార్య వాళ్ళక్కతో ఫోనులో మాట్లాడుతోంది. అక్క కూతురికి నిశ్చితార్థం కుదిరింది. పిల్లవాడి వైపు వాళ్ళు కూడా ఉంగరం దుబాయి నుంచే తెప్పిస్తారట. "ఎవురి చేతికి ఇస్తాండారో చూసుకోండక్కా," అంటోంది ఈమె. "మా ఖాజా మాదిరి దొంగోడు దొరికితే అంతే సంగతులు." ఎన్నోసార్లు విన్న మాటే. ఆ రోజు ఏమైందో, ఒళ్ళంతా మండింది. ఫోన్ లాక్కుని కట్ చేశాను. ఆమె బిత్తరపోయింది. నిలబడే చెప్పాను. పద్దెనిమిది తెమ్మన్నది నేను. ఫోన్ కొనుక్కున్నది నేను. డబ్బు కట్టింది వాడు. అరుస్తూ చెప్పాను, ఆమే ఏదో తప్పు చేసినట్టు.

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. "ఇన్నేండ్లు నా నోటితో గూడా చెప్పించినావు," అంది. అంతవరకు ఆమె నన్ను ఏనాడూ నువ్వు అనలేదు.

ఖాజాకు ఫోన్ చేసి ఇంట్లో చెప్పేశానన్నాను. "సరే," అని పెట్టేశాడు. ఇంకేమంటాడు? నేనైతే అది కూడా అనను.

వరండాలోకి వచ్చి కూర్చున్నాను. లోపల నా భార్య మళ్ళీ వాళ్ళక్కకు ఫోన్ కలిపింది. తర్వాత వదినకు, తర్వాత చిన్నమ్మకు, ధర్మవరంలో ఆ కథకు నవ్విన ఒక్కొక్కరికీ. తలుపు తీసే ఉంది. లేచి వేయలేదు. ప్రతిసారీ ఆమె గొంతు ఒకే తీరుగా, గట్టిగా వినిపిస్తోంది: "ఖాజా గాదంట. మా ఇంటాయనే."