గవర్రాజు గొంతు

వన్ టౌన్‌లో గవర్రాజు గొంతు తెలియనివాళ్లు లేరు. సినిమా మారిన రోజు అతను, తన జతగాడు తవిటయ్య తొక్కే రిక్షాకి పోస్టర్లు కట్టి, మైకు బిగించి, ప్రచారం చేస్తూ సందుసందునా తిరిగేవాడు. అతను చెప్పిన హాల్లో, చెప్పిన టైముకే బొమ్మ పడేది. అందుకే ఆ గొంతంటే జనానికి గురి.

ఎనభై నాలుగులో ఒక ఇంగ్లీషు బొమ్మ వచ్చింది. తను ప్రచారం చేసే సినిమాలు గవర్రాజు పెద్దగా చూసేవాడు కాదు. ఆ రోజు వాన పట్టుకోవడంతో తవిటయ్యతో కలిసి మార్నింగ్ షోకి బెంచీ క్లాసులో కూర్చున్నాడు. మాటలు అర్థం కాకపోయినా కథ తెలుస్తూనే ఉంది. ఒక ఊరు, స్తంభం స్తంభానికీ లౌడుస్పీకరు. జనం ఎప్పుడు లేవాలో, ఎక్కడ నిలబడాలో అన్నీ అదే చెబుతుంది. చాలా మెత్తని గొంతు. దాన్ని నమ్మి బయటికొచ్చినవాళ్లని లారీలెక్కించి పట్టుకుపోతారు. చివరికి జనం తిరగబడి ఒక గది తలుపు బద్దలుకొడితే, లోపల ఒక బక్క మనిషి. ముందు మైకు, చేతిలో కాగితం.

హాలంతా ఈలలు.

"ఈడా! ముందు ఈడ్ని తన్నాల బావా!" అని తవిటయ్య బెంచీ మీద చరిచాడు.

గవర్రాజు చెవులు వేడెక్కాయి. తలెత్తి తెర వైపు చూడలేకపోయాడు.

ఎమర్జెన్సీలో ఒక సాయంత్రం మున్సిపాలిటీ ఆఫీసులో అతనికీ ఇలాగే ఒక కాగితం ఇచ్చారు. సముద్రం ఒడ్డున జాలర్ల గుడిసెలు తీసేస్తారనీ, ఖాళీ చెయ్యడానికి వారం గడువుందనీ చదవమన్నారు. కానీ అక్కడే టీ తాగుతున్న గుమాస్తా పక్కవాడితో అన్న మాట అతని చెవిన పడింది. "రేపు పొద్దున్నే పని. ముందే తెలిస్తే గొడవకి దిగుతారు." గవర్రాజు నసిగాడు. మైకు పర్మిట్ పోతుందన్నారు, లోపల కూర్చోవాలనుందా అన్నారు. అతను వెళ్లి, "వారం రోజులు గడువు, కంగారుపడకండి" అని నాలుగు సందుల్లో చదివాడు. రిక్షా తొక్కిన తవిటయ్యకి కూడా అసలు సంగతి చెప్పలేదు.

ఆ గుడిసెల్లో ఉండే జాలరి ఎల్లాజీ గడువు మాట నమ్మి మర్నాడు చేపల వేటకి పోయాడు. అతని భార్య చిట్టమ్మ ఎండుచేపల గంపతో తగరపువలస సంతకి పోయింది. తిరిగొచ్చేసరికి గుడిసె లేదు. ఇంట్లో దాచుకున్న కొత్త నైలాను వల మట్టి కింద చిరిగిపోయి ఉంది. ఆ తర్వాత ఎల్లాజీ బతికినన్నాళ్లూ పరాయి పడవల మీద కూలికే వెళ్లాడు.

'నాను రాసినానా ఏటి, చదివినాను గానీ' అని ఎనిమిదేళ్లు సర్దిచెప్పుకున్నాడు గవర్రాజు. ఇక ఆ మాట నిలబడలేదు. హాల్లోంచి తిన్నగా చిట్టమ్మ చేపలమ్మే బజారుకి నడిచాడు.

"అప్పా, ఆవేళ వారం అని సెప్పినాను గదా. రేపే అని నాకు తెలుసు."

చిట్టమ్మ కత్తిపీట మీద చెయ్యి ఆపింది.

"తెలిసే సెప్పినావా?"

"తెలిసే. బయమేసి."

"మా ఆయన సచ్చేదాకా నిన్నొక్క మాట అన్లేదురా. 'పాపం గవర్రాజుని కూడా మోసం సేసీసినార్రా' అనీవోడు."

తిట్టుంటే బాగుండేది. ఆమె చేప తిప్పి మళ్లీ కోయసాగింది. "పక్కకి జరుగు, బేరం వచ్చింది."

బయటికొచ్చి తవిటయ్యకీ చెప్పేశాడు. తవిటయ్య రెండు రోజులు రిక్షా తేలేదు. మూడో రోజు తెచ్చాడు గానీ, బావా అనలేదు. గవర్రాజు సినిమాలకి తప్ప మరి దేనికీ మైకు పట్టలేదు. సర్కారు కాగితాలు వస్తే గొంతు బాగోలేదనేవాడు.

బజారులో కనబడితే చిట్టమ్మ పలకరించడం మానలేదు. మునుపు "ఒరే గవర్రాజూ" అనేది. ఇప్పుడు మాత్రం, "ఏటి కావాలండీ గవర్రాజు గారూ?" అనేది.