ఎవరికీ దగ్గు రాని మిరప మంట

కొవిడ్ ఆంక్షలు ఎత్తేసిన మరుసటి ఏడాది మే నెలలో నన్ను మా బీమా కంపెనీ నరసరావుపేట శాఖలో క్లెయిముల విచారణాధికారిగా వేశారు. ప్రమాదం జరిగిన చోటికి వెళ్ళి, నష్టం నిజమా, ఎంత, ఎందువల్ల అని తేల్చి రాయడం నా పని. చేరిన వారానికే రెంటచింతల దగ్గర ఒక మిర్చి గోడౌన్ తగలబడిందని కాగితం వచ్చింది.

యజమాని మిర్చి వ్యాపారి. ఊళ్ళో రాజకీయం కూడా ఆయన చేతిలోనే ఉండేది. గోడౌన్ నిండా టిక్కీలు, అంటే గట్టిగా తొక్కి కుట్టిన మిరప బస్తాలు ఉన్నాయనీ, మొత్తం బూడిదయ్యాయనీ చెప్పాడు. మిట్టమధ్యాహ్నం కాపలాదారు మస్తాన్ బీడీ తాగి పడేశాడట. మస్తాన్‌కు అరవై దాటాయి. పోలీసులు అప్పటికే నిర్లక్ష్యం కేసు కట్టి, ఆయన్ని రోజూ స్టేషన్‌కు పిలిపించి కూర్చోబెడుతున్నారు. బీడీ మానేసి చాలా ఏళ్ళయిందని ఆయన నాతో చెప్పాడు. నేను తలూపి ఫొటోలు తీసుకున్నాను.

ఆ ఎండకు తట్టుకోలేక గంటలో పని ముగించాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ప్రాథమిక నివేదికలో కారణం అన్న గడిలో "కాపలాదారు నిర్లక్ష్యం" అని రాసి సంతకం పెట్టాను. యజమాని నకలు అడిగితే ఇచ్చాను కూడా. ఆయన దాన్ని తిన్నగా తీసుకెళ్ళి స్టేషన్‌లో ఇచ్చాడు, ఊళ్ళో నలుగురికీ చూపించాడు.

రెండో విడత తనిఖీకి వెళ్ళినప్పుడు గోడౌన్ వెనకింట్లో తాగడానికి నీళ్ళడిగాను. ఇచ్చినావిడ ఖాసింబీ, ట్రాక్టర్ మెకానిక్ భార్య. మంట రేగినప్పుడు ఇంట్లోనే ఉన్నారా అని మాటవరసకు అడిగాను. అందరం అన్నం తింటున్నామంది. పొగ లోపలికి వచ్చిందా అంటే, ఇల్లంతా కమ్మేసిందంది. ఖాళీ గ్లాసు అందుకుంటూ మళ్ళీ తనే అంది:

"పెనం మీద రెండు మిరపకాయలు మాడితే వీధి వీధంతా దగ్గుద్ది సారూ. ఆ పొగకి మా ఇంట్లో ఒక్కళ్ళు కూడా దగ్గలా. లోపల కాలింది ఏందో మీరే కనుక్కోండి."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ వ్యాపారి మీద సగం, నా మీద సగం. నేనూ మిర్చి పండే నేల మీద పుట్టినవాణ్ణే. జీవితమంతా ఆ ఘాటు పీల్చి బతికిన పెద్దమనిషికి, తగలబెట్టించేటప్పుడు అదే తట్టలేదు.

కూలీలను పెట్టి బూడిద తవ్వించాను. తొక్కిన టిక్కీ పైపైన మాడుతుంది, నడుమ గాలి ఆడక కాయ ఎర్రగానే మిగులుతుంది. అక్కడ ఒక్క కాయ దొరకలేదు. దొరికినవి పత్తి కట్టె బొగ్గులూ, గోనె పీలికలూ. వాకబు చేస్తే, సత్తెనపల్లి వైపు ఒక కోల్డ్ స్టోరేజీలో అదే వ్యాపారి మార్కా వేసిన టిక్కీలు భద్రంగా ఉన్నాయి. మంటకు ముందు వారమే దించారని అక్కడి గుమాస్తా చెప్పాడు.

ఇవన్నీ ముందు పెట్టగానే వ్యాపారి క్లెయిం వెనక్కి తీసుకుంటున్నట్టు రెండు లైన్ల ఉత్తరం రాసిచ్చాడు. మా మేనేజరు సంతోషించాడు. మోసం కేసు పెడదామంటే, కంపెనీకి నష్టమేమీ లేదుగా, పెద్దవాళ్ళతో గొడవెందుకన్నాడు. మరి మస్తాన్ సంగతేమిటని అడిగాను. ఆయన మన పాలసీదారు కాదుగా అన్నాడు. ఆ మాట తలచుకుంటే ఈరోజుకీ నా రక్తం ఉడుకుతుంది.

నా నివేదిక తప్పని రాసి, ఆధారాలు జతచేసి, నేనే వెళ్ళి స్టేషన్‌లో ఇచ్చాను. అనుమతి లేకుండా ఇచ్చినందుకు మేనేజరు మెమో ఇచ్చాడు, పుచ్చుకున్నాను. కేసు తీసేయడానికి నెలలు పట్టింది. కేసు మూసేసినట్టు రాసిచ్చిన కాగితం పట్టుకుని మస్తాన్ ఇంటికి వెళ్ళాను. ఈలోగా ఏ గోడౌన్ వాళ్ళూ ఆయన్ని కాపలాకు పెట్టుకోలేదు. ఆయన నా మీద అరవలేదు, కాగితం చేతిలోకి తీసుకోనూ లేదు.

"మొదటి కాగితం ఊరంతా చదివారు సారూ. ఈ రెండోది ఎవురికి చూపించమంటారు?" అన్నాడు.

నష్టానికి కారణం రాసేటప్పుడు, మనం కళ్ళారా తేల్చుకోనిదానికి "యజమాని చెప్పిన ప్రకారం" అన్న మూడు మాటలు ముందు చేర్చాలి. శిక్షణలో మొదటి రోజే నేర్పే నియమం అది. నేను ఆ మూడు మాటలూ రాయలేదు, ఒక మనిషి బతుకుతెరువు పోయింది.