తెర తీసేసిన ఉపగ్రహం

నరసరావుపేట దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాను. మా కాలేజీ ఒక ఉపగ్రహం తయారు చేసి పైకి పంపింది. చెప్పుల పెట్టె కన్నా చిన్నది. ఊళ్ళో ఎవరు ఆ మాటెత్తి అభినందించినా ఇప్పటికీ మాట మార్చేస్తాను.

అందులో నా వంతు పని తెర. పని అయిపోయిన ఉపగ్రహం దిక్కూ మొక్కూ లేకుండా పైన తిరుగుతూ ఉంటే ఎప్పుడో ఒకప్పుడు ఇంకోదాన్ని గుద్దుతుంది. గుద్దితే ముక్కలు, ఆ ముక్కలు మళ్ళీ మరికొన్నిటిని గుద్దుతాయి. అందుకని చివర్లో ఒక పల్చటి తెర విచ్చుకునేలా చేస్తారు. అంత ఎత్తులోనూ కాస్తో కూస్తో గాలి ఉంటుంది. అది తెరకు తగిలి, ఉపగ్రహం మెల్లగా కిందికి దిగి కాలి బూడిదవుతుంది. తెర ఉంటే కొన్నేళ్ళలో పీడ వదులుతుంది. లేకపోతే మన చెత్తను మన పిల్లల నెత్తిన పెట్టినట్టే.

దుప్పటంత తెరను సబ్బుపెట్టెంత చోటులో మడవాలి. నెలల తరబడి కుస్తీ పట్టాను. మడిచిన ప్రతిసారీ ఎక్కడో ఒకచోట పట్టేసేది. మా వీధిలో పెళ్ళిచీరలకు ముందే కుచ్చిళ్ళు పెట్టి ఇస్త్రీ చేసి ఇచ్చే అక్క ఉంది. సిగ్గు విడిచి ఆమెకు చూపించాను.

"ఏందమ్మా ఇది? సంచీలో గుడ్డలు కుక్కినట్టు కుక్కావు. ఒక కొస పట్టుకుని లాగితే మొత్తం జారి రావాల. అట్టా పెట్టాల కుచ్చిళ్ళు" అంది.

రెండు అంచుల నుంచీ మధ్యకు మడుస్తూ, ప్రతి మడతనూ అరచేత్తో అదిమి చూపించింది. ఆ తర్వాత ఎన్నిసార్లు తెరిచినా తెర ఎక్కడా పట్టేయలేదు. నా జీవితంలో నేను ఒళ్ళు దాచుకోకుండా చేసిన పని అదొక్కటే.

మా చైర్మన్ గారికి మాచర్ల వైపు రాతి క్వారీలున్నాయి. అక్కడ కొత్త పొక్లెయిన్ వచ్చినా లారీ వచ్చినా కొబ్బరికాయ కొట్టి, గంధం పూసి, కుంకుమ బొట్లు పెట్టి గానీ కదిలించరు. మా నాన్న లారీ డ్రైవరు కాబట్టి నాకు అది తప్పుగా ఎప్పుడూ తోచలేదు. ఉపగ్రహాన్ని ప్రయోగానికి పంపే పెట్టెలో సర్దే ముందు దానికీ పూజ చేయాలన్నారు. మేం టోపీలూ గ్లౌజులూ లేకుండా అడుగు పెట్టని గదిలోకి పాతికమంది అగరొత్తుల పొగతో, ఫోటోగ్రాఫర్‌తో సహా వచ్చిపడ్డారు.

"సార్, ఆ నల్ల పలకల మీద మాత్రం పెట్టకండి. కరెంటు వచ్చేది వాటినుంచే" అన్నాను. పెద్ద తెలివైనదాన్ని అనుకున్నాను. పలకలు లేని వైపు ఒక్కటే ఉంది, అది తెర తలుపు. ఆయన దాని మీద గంధం చిక్కగా పూసి బొట్టు పెట్టారు. ఫోటో సరిగా రాలేదంటే మళ్ళీ పూశారు. నేను గంగిరెద్దులా తలూపుతూ నిలబడ్డాను.

రెండు రోజుల తర్వాత చివరి పరీక్షలో తలుపును బిగించి ఉంచే దారం అనుకున్నట్టే తెగింది గానీ తలుపు తెరుచుకోలేదు. సందులోకి కారిన గంధం ఎండి గట్టిపడింది. లోపలి మడతల్లోకి కూడా పొడి దిగింది. మొత్తం విప్పి, తుడిచి, మళ్ళీ మడవాలంటే పది రోజులు కావాలి. పెట్టె బయల్దేరడానికి నాలుగు రోజులే ఉన్నాయి.

"సార్, ఈసారికి ఆపుదాం. తర్వాతి రాకెట్లో పంపుదాం" అన్నాను.

"ఏందమ్మాయ్ నువ్వు మాట్లాడేది? ఫ్లెక్సీలు కట్టించాం, పెద్దోళ్ళని పిలిచాం. ఆ పరదా లేకపోతే ఎగరదా ఏంది?"

"ఎగురుతుంది సార్. దిగదు."

"దిగకపోతే మంచిదేగా! చానా కాలం మన పేరు పైన ఉంటది" అని పగలబడి నవ్వారు. గదిలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. డాక్టరేట్లున్నవాళ్ళు కూడా. నాకు రోత పుట్టింది.

అలాగే ఉంచితే సగం విచ్చుకుని పలకలకు అడ్డం పడొచ్చని తెరను తీసేశారు. బరువు తేడా రాకూడదు కాబట్టి ఆ చోట అంతే బరువున్న అల్యూమినియం దిమ్మ బిగించారు. దాని మీద ఆయన తండ్రి పేరు చెక్కించారు. ఇక ప్రయోగానికి కావాల్సిన అనుమతి పత్రం మిగిలింది. తెర అమర్చాం, పరీక్షించాం అన్న వాక్యం కింద నా సంతకం కావాలి. పెట్టకపోతే ఉద్యోగం పోతుందని ఎవరూ అనలేదు. అనకముందే భయపడ్డాను. పెట్టాను.

ఉపగ్రహం పైకి వెళ్ళి, కొన్ని వారాలు సంకేతాలు పంపి మూగబోయింది. నాకు శాలువా కప్పారు. చిలకలూరిపేటలో ఒక సభకు పిలిచి అంతరిక్షంలో పరిశుభ్రత గురించి మాట్లాడమన్నారు. తడుముకోకుండా అరగంట మాట్లాడాను. నా మీద నాకే అంత అసహ్యం ఎప్పుడూ వేయలేదు.

ఈమధ్య ఒక పొద్దున క్లాసుకు వెళ్ళబోతుంటే ఒక మెయిల్ వచ్చింది. ఎక్కడో పరదేశంలో ఉపగ్రహాలు నడిపే ఒక ఇంజనీరు రాశాడు. శుక్రవారం మా ఉపగ్రహం వాళ్ళదానికి చాలా దగ్గరగా రాబోతోందట. మీ పత్రాల్లో తెర ఉందని చూశాం, అది విచ్చుకుందా లేదా చెబితే ఎంత దూరంలో పోతుందో సరిగా లెక్క వేసుకుంటాం అని మర్యాదగా అడిగాడు.

క్లాసు మానేసి కూర్చున్నాను. ఏవేవో రాసి కొట్టేశాను. చివరికి రెండే ముక్కలు పంపాను. "తెర లేదు. ఉందని సంతకం పెట్టింది నేనే."

వాళ్ళు తమ ఇంధనం ఖర్చుపెట్టుకుని తమ ఉపగ్రహాన్ని పక్కకు జరుపుకున్నారు. సోమవారం జవాబు వచ్చింది. తిడతారనుకుని తెరిచాను. సకాలంలో నిజం చెప్పినందుకు ధన్యవాదాలు అని ఉంది.