జమ్మి పల్లం ఘాయా

సాయంత్రం ఎండ మెత్తబడగానే ఘాయాకు ఒళ్లు మండడం మొదలయ్యేది. కర్ర పట్టుకుని ఇసుక దిబ్బ ఎక్కి, దుబాయ్ దారి వైపు చూస్తూ తిట్లు సిద్ధం చేసుకునేది. దూరంగా తారు రోడ్డు అయిపోయే చోట తెల్ల జీపులు బారుగా ఆగేవి. ఇసుకలో కూరుకుపోకుండా డ్రైవర్లు దిగి టైర్లలో గాలి సగం తీసేసేవాళ్లు. ఆ బుస్సుమనే చప్పుడు అంత దూరానికి వినపడదు. తనకు వినపడుతుందని ఘాయా ఒట్టేసి చెప్పేది. కాదన్నవాళ్లతో ఆ పూటకి మాటలు బంద్.

తరవాత జరిగేదంతా ఆమెకు కంఠతా వచ్చు. జీపులు ఒకదాని వెనక ఒకటి దిబ్బలెక్కి, పక్కకి ఒరిగి, ఇక పడిపోయాయనుకునేలోపు సర్రున జారతాయి. లోపలివాళ్లు చావుకేకలు పెడతారు. డ్రైవరు ఆపగానే ఇంకోసారి ఇంకోసారి అంటారు. ఎవడో ఒకడు వాంతి చేసుకుంటాడు. పొద్దు వాలేముందు అందర్నీ ఎత్తయిన దిబ్బ మీద దించితే, సూర్యుణ్ణి వేళ్ల మధ్య పట్టుకున్నట్టు ఫొటోలు తీయించుకుంటారు. వీళ్ల ఊళ్లలో సూర్యుడు అస్తమించడా అని ఘాయాకు అనుమానం. అది అయ్యాక క్యాంపు. ఒంటె మీద ఇటు నుంచి అటు ఒక చుట్టు, ఆడవాళ్ల చేతులకి గోరింటాకు, మణికట్టు మీద డేగతో ఇంకో ఫొటో, గంగాళాల నిండా కాల్చిన మాంసం. రంగు దీపాల పావడా కట్టుకుని గిరగిరా తిరిగే మగవాడొకడు, నడుం తిప్పే అమ్మాయి ఒకతె, నోట్లోంచి నిప్పు ఊదేవాడింకొకడు. చివర్లో దీపాలన్నీ ఆర్పేసి, నక్షత్రాలు చూడండంటారు. ఈ ఎడారిలో పుట్టినవాళ్లు రోజూ ఇలాగే బతుకుతారు కాబోలనుకుని జనం సంతోషంగా ఇళ్లకు పోతారు.

"మా నాన్న పావడా కట్టి తిరగడం నేనైతే చూడలేదు" అనేది ఘాయా.

ఇదంతా ఎవరో పరాయివాడు చేస్తుంటే ఆమె ఇంతగా మండిపడేది కాదేమో. ఆ క్యాంపు మతర్‌ది. మతర్ ఆమె తమ్ముడి కొడుకు. పురిట్లోనే వాడి తల్లి పోతే, ఘాయా వాణ్ణి భుజాన వేసుకొచ్చి, ఒంటె పాలు వేలితో నాకించి బతికించింది. ఆమెకు పిల్లల్లేరు. మొగుడు కొండ దారిలో బండి బోల్తాపడి చిన్నతనంలోనే పోయాడు. మళ్లీ పెళ్లి చేస్తామన్నవాళ్లను ఆమె ఒంటెల కర్రతోనే తరిమింది. ప్రభుత్వం కట్టించిన ఇంట్లో ఎండాకాలం మాత్రం ఉండేది, అదీ ఏసీని తిట్టుకుంటూ. చలిగాలి తిరగగానే ఒంటెల్ని తోలుకుని జమ్మి పల్లానికి వచ్చి గుడారం వేసుకునేది.

రెండు పెద్ద దిబ్బల మధ్య పల్లం అది. గాలి కొట్టదు, నాలుగు జమ్మి చెట్ల నీడ ఉంటుంది. ఆమె తాత కాలం నుంచీ చూడి ఒంటెలు అక్కడే ఈనేవి. ఒంటెలు ఈనేదీ చలికాలమే, జీపులొచ్చేదీ చలికాలమే. జీపులకీ ఆ పల్లమే కావాలి. ఒక దిబ్బ మీంచి జారి, పల్లం అడుగున దూసుకుపోయి, ఆ ఊపులోనే రెండో దిబ్బ ఎక్కితే లోపలివాళ్ల కేకలు బాగా వస్తాయట.

కిందటేడు ఆ హోరుకు బెదిరి సమ్హా అనే ఒంటె దిబ్బలకడ్డంపడి పరిగెత్తింది. మర్నాడు ఈచుకుపోయింది, కడుపులో పిల్ల దక్కలేదు. ఆ సమ్హా తల్లి పాలు తాగే మతర్ మనిషయ్యాడు. ఆ వంశంలో ఇక మిగిలింది సమ్హా ఒక్కతే, దానికీ వయసు మళ్లింది. ఈ ఏడు మళ్లీ చూలు నిలిచింది. ఇదే దానికి ఆఖరి కాన్పు. అది ఈనేదాకా పల్లంలోకి ఎవరూ రాకూడదు. ఘాయాకు కావలసింది అంతే.

"ఒరేయ్, చుట్టూ ఇంత ఇసుక పడుంది. నీ జీపులకి ఆ పల్లమే దొరికిందిట్రా?" అని ఆమె అడిగింది.

"ఆ పల్లం నా లీజులో ఉందత్తా" అన్నాడు మతర్, ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే.

"లీజా! మీ తాత బొడ్డు కోసి పాతింది అక్కడే."

"అయితే తవ్వి పట్టుకుపో."

ఘాయా కర్ర తీసుకుని వెళ్లిపోయింది. ఆమె తిట్టకుండా వెళ్లిందంటే భయపడాలని మతర్‌కి చిన్నప్పుడే తెలుసు. అత్త రెండో దారి చూస్తుందని గ్రహించి, ఆ సాయంత్రమే క్యాంపులో అందర్నీ పిలిచి హుకుం జారీ చేశాడు: ముసలామె వస్తే కూర్చోబెట్టండి, తిననివ్వండి, ఏది అడిగితే అది ఇవ్వండి, కాఫీ మాత్రం చచ్చినా ఇవ్వొద్దు.

దానికి కారణం ఉంది. ఆ ఎడారి మనుషులు ఏదైనా కావలసి వస్తే చేతులు జోడించి అడగరు. ఎదుటివాడి గుడారంలో కూర్చుంటారు, అతను పోసిన కాఫీ అందుకుంటారు, తాగకుండా ముందు పెట్టుకుంటారు. అప్పుడు ఇంటాయనకు అర్థం కావాలి. 'తాగు, నువ్వొచ్చిన పని అయింది' అని అతనే అనాలి. అన్నాడా, ఇక ఆ మాటకు తిరుగులేదు. కప్పు తాగకుండానే వచ్చినవాడు లేచి వెళ్లిపోయాడా, ఆ ఇంటి పరువు గంగలో కలిసినట్టే. మతర్ పట్నంలో చదువుకున్నా, అద్దాల మేడలో ఆఫీసు పెట్టుకున్నా, ఈ విషయంలో మాత్రం వాళ్ల తాత మనవడే. అందుకే అసలు కప్పే అందనివ్వకూడదనుకున్నాడు.

ఇక చలికాలమంతా ఇద్దరికీ అదే యుద్ధం. వారానికి రెండు మూడు సార్లు ఘాయా కర్ర పొడుచుకుంటూ క్యాంపులోకి వచ్చి తివాచీ మీద కూర్చునేది. జీపులన్నిటికీ ముందు నడిచే డ్రైవరు జర్వాలీ, పొట్టకూటికి పరదేశం నుంచి వచ్చిన స్వాత్ లోయవాడు, గడ్డం నిండా ఇసుకతో పరిగెత్తుకొచ్చేవాడు.

"జ్యూస్ తీసుకో పెద్దమ్మా. మామిడిపండుది."

"కాఫీ ఏది?"

"అయిపోయింది."

అతని వెనకే నిప్పుల మీద ఇత్తడి కూజా పొగలు కక్కుతోంది. క్యాంపంతా యాలకుల వాసన.

"మరదేమిట్రా?"

"అదా... కడగడానికి పెట్టారు."

"మీ స్వాత్‌లో గిన్నెలు నిప్పుల మీద కడుగుతారా?"

జర్వాలీ నవ్వు ఆపుకోలేక చచ్చాడు. "నా పొట్ట మీద కొట్టకు పెద్దమ్మా. నువ్వు కప్పు పట్టుకున్నావంటే నేను పెట్టె సర్దుకోవాలి. జ్యూస్ తాగు."

"దాన్ని తీసుకెళ్లి నీ మతర్ నెత్తిన పొయ్యి" అని ఆమె లేచి వెళ్లిపోయేది. ఈలోగా జీపులు పల్లంలోంచి పోతూనే ఉన్నాయి. సమ్హా మేత తగ్గించింది. చెవులు నిక్కబెట్టుకుని నిలబడే కునుకు తీసేది.

చలికాలం నడిమధ్యన ఒక విదేశీ కంపెనీ ఆవిడ క్యాంపు చూడడానికి వచ్చింది. ఆవిడకు నచ్చితే సీజనంతా బస్సుల నిండా జనాన్ని పంపుతుంది. వెంట కెమెరాలవాళ్లు. ఆ రోజు మతర్ ఇస్త్రీ చేసిన తెల్ల అంగీ తొడుక్కుని, కూజా ఎడమ చేత్తో తనే పట్టుకుని, వాళ్లను గుండ్రంగా కూర్చోబెట్టాడు.

"మా దగ్గర కుడి పక్క నుంచి పోసుకుంటూ వస్తాం" అని వాళ్ల భాషలో గొప్పగా చెప్పాడు. "వరసలో కూర్చున్న మనిషిని దాటిపోవడం అనేది లేదు. శత్రువైనా సరే."

అతను ఆ మాట అంటుండగానే ఘాయా వచ్చి వరసలో, ఆ ఆవిడ పక్కనే చతికిలబడింది. ముఖం మీద బంగారు రంగు ముసుగు, దాని వెనక కళ్లు మాత్రం కనపడుతున్నాయి. మతర్ నోట్లో పచ్చి వెలక్కాయ పడింది. కెమెరాలు చూస్తున్నాయి. దాటిపోవడానికి లేదు. పోశాడు. ఘాయా కప్పు అందుకుంది, ముందర తివాచీ మీద పెట్టుకుంది, చేతులు ఒళ్లో వేసుకుంది.

"ఆమె తాగదేం?" అంది ఆవిడ.

"పెద్దావిడ కదా, చల్లారాలి" అన్నాడు మతర్.

పావడా అతను గిరగిరా తిరిగేసి వెళ్లాడు. అమ్మాయి నడుం తిప్పి వెళ్లింది. కాఫీ చల్లారి మీద పొర కట్టింది. ఘాయా కదల్లేదు. కంపెనీ ఆవిడ కూడా కదల్లేదు, ఆవిడ తెలివైన మనిషి. జర్వాలీని పిలిచి అడిగింది. జర్వాలీకి అబద్ధమాడడం ఎంత చేతకాదో కూజా రోజునే తేలిపోయింది. ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆవిడ మతర్ వైపు తిరిగి, "అయితే ఆమె అడుగుతున్నది ఏమిటి?" అంది. కెమెరాలూ తిరిగాయి.

మతర్ పళ్లు బిగించే నవ్వాడు. "తాగత్తా. నువ్వొచ్చిన పని అయింది."

"ఏం పని? చెప్పు, అందరూ వినాలి."

"పల్లంలోకి జీపులు రావు."

"ఎవరి పేరు మీద ఈ మాట?"

"మా తాత పేరు మీద. ఇక తాగు, నన్ను చంపకు."

ఘాయా చల్లటి కాఫీ ఒక్క గుక్కలో మింగి, ఇక చాలని కప్పు అటూ ఇటూ ఆడించి ఇచ్చేసింది. జనం చప్పట్లు కొట్టారు. వీళ్లకేం పోయేకాలం అనుకుంటూ ఆమె ఇంటిదారి పట్టింది.

మాట ప్రకారం జీపులు ఆగిపోయాయి. సమ్హా పడుకోవడం మొదలుపెట్టింది. ఘాయా తిట్టడానికి ఎవరూ లేక, రెండు సాయంత్రాలు ఏం తోచక తిరిగింది. నిజం చెప్పాలంటే మేనల్లుడి మీద ఆమెకు కాస్త గర్వం కూడా కలిగింది. అది ఎవరికీ చెప్పలేదు.

సమ్హాకు నొప్పులు మొదలైన సాయంత్రమే దిబ్బ మీద తలలు కనిపించాయి. ఇరవై ముప్ఫై మంది ఉంటారు, చెప్పులు చేత్తో పట్టుకుని ఇసుకలో తడబడుతూ దిగుతున్నారు. ముందు మతర్.

"జీపులు రావన్నాను, రాలేదు" అన్నాడు దగ్గరికొచ్చి. "నువ్వు కప్పు పెట్టుకుని కూర్చోవడం ఆవిడకి ఎంత నచ్చిందో తెలుసా? అసలు సిసలు ఎడారి మనిషి గుడారం చూపించమంది. ఇకమీద రోజూ వస్తారు. అరగంట కూర్చుని పోతారు, అంతే."

అప్పటికే వాళ్లు గుడారంలో కూర్చున్నారు. కూర్చున్నవాళ్లను లేచి పొమ్మనడం ఘాయా పుట్టిన ఇంట్లో లేదు. అది మతర్‌కి బాగా తెలుసు. ఆమె చెయ్యి దానంతటదే కాఫీ గింజలు వేయించే మూకుడు మీదికి పోయింది. ఆ చేతిని ఆమె అసహ్యించుకుంది. బయట సమ్హా మూలుగుతోంది. పడుకుంటోంది, కొత్త మనుషుల వాసనకి లేస్తోంది, మళ్లీ పడుకుంటోంది. ఇద్దరు ముగ్గురు ఫోన్ల దీపాలు వేసుకుని దాని దగ్గరికి పోతున్నారు.

"సమ్హా ఈనుతోందిరా" అంది ఘాయా గొంతు తగ్గించి. "మీ అమ్మ పాలు నీకు దక్కలేదు. దాని అమ్మవి దక్కాయి. వీళ్లని తీసుకెళ్లు."

"ఈనుతోందని తెలుసత్తా" అన్నాడు మతర్. "పొద్దున దాని నడక చూసి జర్వాలీ చెప్పాడు. అందుకే ఇవాళే తీసుకొచ్చా."

ఘాయా గింజలు వేయించి దంచింది. కాఫీ కాచింది. కుడి పక్క నుంచి పోసుకుంటూ వచ్చింది, ఒక్కొక్కరికీ కప్పు అడుగున కాస్తంత. మర్యాదగా పోయడమంటే అంతే. మళ్లీ మళ్లీ పోసి, అతిథిని ఎక్కువసేపు కూర్చోబెట్టుకోవాలి. మతర్ దగ్గరికి వచ్చి పోసింది. ఆపలేదు. సగం దాటింది, అంచుకి వచ్చింది, పొర్లి అతని వేళ్ల మీద పడింది.

"మేనల్లుడంటే ఎంత ప్రేమో!" అంది జనంలో ఒకావిడ.

మతర్ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ నేల మీద సొంతవాళ్లకి కప్పు నిండా పోశారంటే అర్థం ఒకటే: ఇది తాగి లే, మళ్లీ ఈ గడప తొక్కకు.

"అత్తా... ఆలోచించుకో. జనం ముందు పోశావు."

"జనాన్ని తెచ్చింది నువ్వు."

"కాఫీయే కదా, ఒలకబోసేస్తా. ఏమీ జరగలేదనుకుందాం."

"తాగరా."

సలసల కాగే కాఫీ అతను ఆపకుండా తాగాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, వేడికో మరి దేనికో. కప్పు ఆమె చేతికివ్వకుండా కింద పెట్టి లేచాడు. అతను లేవగానే, అయిపోయిందనుకుని జనమూ లేచారు. ఫోన్ల దీపాలవాళ్లను అతనే కేకలేసి వెనక్కి పిలిచాడు. ఒక్కసారి కూడా వెనక్కి తిరక్కుండా దిబ్బ ఎక్కి అవతలికి దిగిపోయాడు. అవతల క్యాంపులో డప్పులు మొదలయ్యాయి.

జమ్మి చెట్టు కింద సమ్హా ఈనింది. ఘాయా మోకాళ్ల మీద కూర్చుని పిల్ల ముక్కులోంచి, నోట్లోంచి జిగురు తీసి, తన తలగుడ్డ కొంగుతోనే ఒళ్లు తుడిచింది. పెయ్య. కాళ్లు వణికించుకుంటూ లేచి, పడి, మళ్లీ లేచి పొదుగు వెతుక్కుంది. అన్నేళ్లలో ఏ ఒంటె ఈనినా ఆమె ముందుగా కబురు చేసేది మతర్‌కే. ఇప్పుడూ ఫోన్ తీసింది. వాడి పేరు దాకా వెళ్లింది. తరవాత గుర్తొచ్చింది, ఆ కబురు చెప్పుకోవడానికి తనకిప్పుడు ఎవరూ లేరని.