పగలు పడుకునే మనిషి

ఫిల్మ్ నగర్‌లో మా పక్క బంగళా కిటికీలకు ఈ ఉదయం నల్లగుడ్డలు కట్టారు. లోపల రాత్రి సన్నివేశం తీస్తున్నారట. ఎండకు కాగుతున్న ఆ గుడ్డ వాసన తగలగానే సుగుణ మేడమ్ గుర్తొచ్చారు. కాఫీ చల్లారిపోయేదాకా బాల్కనీలోనే నిలబడిపోయాను.

ఆవిడ నా పరిశోధనకు గురువు. మెదడు నడుమ బియ్యపు గింజంత పీనియల్ గ్రంథి ఉంటుంది. చీకటి పడితే అందులో కొన్ని జన్యువులు చురుగ్గా పనిచేస్తాయి, తెల్లవారితే నెమ్మదిస్తాయి. బతికున్న మనిషిలోంచి దాన్ని తీసి చూడలేం కదా! అందుకే పోయినవారి కుటుంబాలను ఆ గ్రంథి ఇమ్మని అడిగేవాళ్లం. పోయిన వేళకు ఆ జన్యువులు ఎంత చురుగ్గా ఉన్నాయో దాన్నిబట్టి తెలుస్తుంది. జూబ్లీహిల్స్‌లో వాళ్లింటి మేడమీద టీ పోస్తూ మేడమ్ అనేవారు: "ఒక్కో మనిషి మనకిచ్చేది తను పోయిన ఆ ఒక్క వేళేనమ్మా. ఎంతోమందిని కలిపితేగానీ ఒక రోజు కాదు."

మధ్యాహ్నం పోయినవారెవరూ దొరక్క నా రోజులో ఆ వేళే ఖాళీగా ఉండిపోయింది. అది నిండితేగానీ నా పరిశోధన పూర్తికాదు. అలాంటప్పుడు ఒక మధ్యాహ్నం, కృష్ణానగర్‌లో ఉండే లైట్‌మ్యాన్ ఒకాయన గుండెపోటుతో ఆసుపత్రిలో పోయారు. ఆయన భార్య యాదమ్మ కళ్లు తుడుచుకుని "తీసుకోండ్రి" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. మేడమ్ ఊరుకుంటేగా! "ఆయన రోజూ ఎప్పుడు పడుకునేవారమ్మా?" అని అడిగారు.

"పొద్దుగాల పండుకునేటోడు. ఏండ్ల సంది రాత్రి షూటింగులే. కిటికీకి నల్లగుడ్డ కట్టేదాన్ని."

నా మధ్యాహ్నం మళ్లీ ఖాళీ అయిపోయింది. మేడమ్ ఆమె చేయి పట్టుకుని, "మేం రాత్రి పడుకునేవాళ్లనే చూస్తున్నామమ్మా. పగలు పడుకునేవాళ్ల ఒంట్లో వేళలు తారుమారై ఉండొచ్చు, ఆయనది ఈ పనికి రాదు. తీసుకుని పక్కన పడెయ్యలేను" అన్నారు.

యాదమ్మకు కోపం వచ్చింది. "బతికినన్ని దినాలు లైట్ల ఎనకాలనే ఉన్నడు. గిప్పుడు గూడ లెక్కల లేడా?"

మేడమ్ ముఖం పాలిపోయింది. "తప్పు మాదేనమ్మా. రాత్రి పనిచేసేవాళ్ల కోసం వేరుగా మొదలుపెడతాం. కానీ దానికి అనుమతులు రావాలి. అప్పటిదాకా ఆయన్ని ఇలా ఉంచలేం."

యాదమ్మ మేడమ్ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. తర్వాత నెమ్మదిగా అంది: "గట్లయితే నా దినమొచ్చినప్పుడు నాది తీసుకోండ్రి. ఆయన పండుకున్నప్పుడే పండుకున్న. ఆయనొచ్చేదాంక మేలుకున్న. ఆయన ఒంట్ల ఉన్నదే నా ఒంట్ల ఉంటది."

మేడమ్ అక్కడే, అందరి ముందూ ఏడ్చేశారు. నేనూ ఏడ్చాను, నా మధ్యాహ్నం కోసం మాత్రం కాదు.

మేడమ్ ఇప్పుడు లేరు. ఆవిడ మాటిచ్చిన పని నేను నడుపుతున్నాను. నా విద్యార్థులు ఆసుపత్రికి బయలుదేరుతుంటే, పోయినాయన ఎప్పుడు పడుకునేవారో అడగమంటాను. ఆయన కోసం ఇంట్లో ఎవరు మేలుకునేవారో కూడా అడగమంటాను.